విత్తనం దాచిన ఆడవాళ్ల గడపకి అవార్డు రావాలి

ఒడిశా వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ బియ్యం వ్యాపారంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. కొండ ఊళ్ల నుంచి సంతకి వచ్చే ఆడవాళ్ల దగ్గర కాలాజీరా అనే ఇక్కడి సువాసన బియ్యం కొని, అమ్మి బతికాం. ఆ రుణం ఉంది కాబట్టే ఈ ఉత్తరం.

2002లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ అవార్డు జొహన్నెస్‌బర్గ్‌లో మన కొరాపుట్ జిల్లా ఆదివాసీలకి దక్కింది. ప్రకృతిని కాపాడుకుంటూ పేదరికం తగ్గించుకున్న సమూహాలకి ఇచ్చే అవార్డు అది. అందుకున్నవాళ్లలో పాత్రపుట్ ఊరి కమలా పూజారి గారు ఒకరు. వందకి పైగా దేశవాళీ వరి రకాలు కాపాడారు. 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024 జులైలో కన్నుమూశారు.

ఆమెలాంటివాళ్లు ఇంకా ఉన్నారండీ. కానీ కాలాజీరా వేసేవాళ్లకి ఎంత నష్టమో చూడండి. పంటకాలం ఎక్కువ, దిగుబడి తక్కువ. పొడుగ్గా పెరిగి గాలికి పడిపోతుంది. అదే మడిలో హైబ్రిడ్ వేస్తే ఇంకా ఎక్కువ బస్తాలు వస్తాయని వాళ్లకీ తెలుసు. అయినా ప్రతి ఏడూ మంచి వెన్నులు ఏరి, ఎండబెట్టి, విత్తనం దాస్తారు. దేశం కోసం దాచే విత్తనానికి ఖర్చు మాత్రం ఆ ఇళ్లే పెట్టుకుంటున్నాయి. అవార్డు డబ్బుని నేను బహుమతి అనుకోను, వాళ్లకి రావాల్సిన బాకీ అనుకుంటాను.

మొక్కల రకాలు కాపాడిన రైతు సమూహాలకి కేంద్రం 10 లక్షల రూపాయల అవార్డు ఇస్తోంది. మంచి పని. అయితే ఇలాంటి వాటికి దరఖాస్తు చేయడమే పెద్ద టెన్షన్. ఒకసారి నలుగురు ఆడవాళ్లు ఏదో అవార్డు ఫారం పట్టుకుని మా కొట్టుకి వచ్చారు. మొత్తం ఇంగ్లీషు. రిజిస్ట్రేషన్ కాగితం, ఫొటోలు, లెక్కలు అడిగారు. రాత్రి దాకా కూర్చున్నా సగం కూడా నింపలేకపోయాం. ఆఖరి తేదీ దాటిపోయింది. నాకు ఇప్పటికీ బాధే.

అందుకే అడుగుతున్నాను. మీ బ్లాకు సిబ్బందే ఊరికి వెళ్లి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుని దరఖాస్తు పంపాలి. డబ్బు నేరుగా సంఘం ఖాతాలో పడాలి. ఒక్కసారి సన్మానంతో ఆపకుండా, విత్తనం నిలిపినందుకు ఎకరానికి ఇంత అని ఏటా ఇవ్వాలి.

వచ్చే మార్గశిరంలో ఒక లక్ష్మివారం నాడు రండి సార్. కొత్త బియ్యం వండే రోజులు. ఆ ఇళ్ల ముందు కూర్చుని వాళ్లనే అడగండి.

ఇట్లు,
జయపురం బియ్యం వ్యాపారి