వార్తాలేఖ: తొమ్మిదో తరగతి నాలుగో లెక్క గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ పరీక్షలో నాలుగో లెక్క మీద మీ వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా చర్చ నడుస్తోందని తెలిసింది. "జవాబు సరిగ్గానే ఉంది, టీచరు మార్కు కోసేశారు" అని కొందరు ఆఫీసుకు ఫోన్ కూడా చేశారు. పేపర్లన్నీ తెప్పించి నేనే చూశాను. మార్కులు మారవు.

లెక్క ఇది: √(ఎక్స్² − 10ఎక్స్ + 25)ను సూక్ష్మీకరించి, ఎక్స్ = 2 అయితే విలువ కనుక్కోవాలి. లోపలున్నది (ఎక్స్ − 5)² అని దాదాపు అందరూ పట్టుకున్నారు, సంతోషం. ఆ వెంటనే రూటునూ వర్గాన్నీ కొట్టేసి, ఎక్స్ − 5 అని రాసి, −3 తేల్చారు. అదే 2ను ముందుగానే లోపల పెట్టి చూడండి: 4 − 20 + 25 = 9. √9 అంటే 3. తొమ్మిదికి 3, −3 రెండూ వర్గమూలాలే అయినా, √ గుర్తు వాటిలో ధన మూలాన్నే చెబుతుంది. అందుకని జవాబు |ఎక్స్ − 5|, అంటే లోపలిది రుణమైతే గుర్తు తీసేసి ధనంగా రాయాలి. పోయిన మార్కు ఆ రెండు నిలువు గీతలదే.

ఇంకొందరు √(ఎక్స్² + 25)ను ఎక్స్ + 5 చేసేశారు. మధ్య పదం 10ఎక్స్ లేనిదే అది (ఎక్స్ + 5)² కాదు. ఎక్స్ = 12 వేస్తే 144 + 25 = 169, దాని మూలం 13. పిల్లల లెక్కన 17 రావాలి.

ఇక హోంవర్కులో ఇచ్చిన √(7 + 4√3). చాలా నోటుబుక్కుల్లో దీనికి 3.732 అని ఉంది, పైన ఒక్క మెట్టు కూడా లేదు. పిల్లల చదువు మీద మీకున్న శ్రద్ధ మాకు తెలుసు. అయినా రాత్రి తొమ్మిదింటికి పని త్వరగా తెమలాలని చేతికి ఫోన్ ఇస్తే, మర్నాడు పిల్లవాడు బోర్డు ముందు బిక్కమొహం వేస్తున్నాడు. చేయాల్సింది ఇంతే: (√ఎ + √బి)² అంటే ఎ + బి + 2√(ఎ × బి) కదా, అందుకని ముందు 2 మాత్రమే మిగిలేలా 4√3ను 2√12గా మార్చాలి. కూడితే 7, గుణిస్తే 12 వచ్చే జత 4, 3. జవాబు √4 + √3, అంటే 2 + √3. మధ్యలో మైనస్ ఉంటే పెద్దది ముందుండాలి: √(4 − 2√3) = √3 − 1. తిరగేసి రాస్తే రుణ సంఖ్య అవుతుంది. అన్నిటికీ జత దొరకదు కూడా. √(5 + 2√3)లో కూడితే 5, గుణిస్తే 3 రావాలి. మొత్తం వర్గం 25లోంచి 3కి నాలుగు రెట్లు తీస్తే ఆ రెండు సంఖ్యల తేడాకు వర్గం వస్తుంది; ఇక్కడ వచ్చింది 13, అది పరిపూర్ణ వర్గం కాదు, కాబట్టి అక్కడితో ఆపేయాలి.

సి సెక్షన్ అబ్బాయి ఒకడు √(3 + √5) చూసి ముందు 2 లేదే అని వదిలేయలేదు. లోపలిదాన్ని (6 + 2√5)/2గా రాసి, 5, 1 జత పట్టి, (√5 + 1)/√2 తెచ్చాడు. ముగ్గురు అమ్మాయిలైతే భాస్కరాచార్యుడి ‘బీజగణితం’ గ్రంథంలోని √(10 + √24 + √40 + √60)ను √2 + √3 + √5గా విప్పి, మళ్లీ వర్గం చేసి సరిచూపారు. ఆ బోర్డును ఆ రోజు తుడవనివ్వలేదు.

వాళ్లకు ఇది చేతనైంది 1 నుంచి 25 దాకా వర్గాలు నోటికి రావడం వల్లే. 169 చూడగానే 13 తట్టని కంటికి ఏ నమూనా కనబడదు! గణితాన్ని నోటితో చెప్పుకున్న భాష మనది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథం గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లో పెట్టాడు. చెన్నైలో ఉన్నా మన పిల్లలు వర్గం, వర్గమూలం అని తెలుగులో అనగలగాలి, వల్లె వేయగలగాలి. వర్గమూలం అంటే వర్గానికి మూలం, అర్థం మాటలోనే ఉంది. బస్సు మౌంట్ రోడ్డు దాటేలోపు ఒకసారి అప్పజెప్పించుకోండి, రోజూ. ఎక్కాల పుస్తకం ట్యూషన్ వాళ్ల బాధ్యత కాదు, ఇంటిది.

వానలు మొదలయ్యాయి, గొడుగు మీద పేరు రాసి పంపండి. వ్యాన్ ఫీజు బాకీ ఉన్నవారు ఈ వారంలో కట్టండి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం మీరే చేయండి, అన్నయ్య చేత చేయించవద్దు.

శనివారం పది నుంచి పన్నెండు దాకా జవాబు పత్రాలు గణితం గదిలో ఉంటాయి. మీ పిల్లలను వెంట తీసుకుని రండి, నాలుగో లెక్క వాళ్ల చేతే మళ్లీ చేయిద్దాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు