ఊదితే సున్నా వచ్చింది సరే, కళ్లు చూశారా?

సంపాదకులకు నమస్కారం.

మా రాయగడ, కోరాపుట్ జిల్లాల చెక్‌గేట్ల దగ్గర పోలీసులకు గంజాయి పట్టడం కొత్త కాదు. ఉల్లిపాయల బస్తాల కింద దాచినా, క్యాబిన్ వెనక దొంగ అర కట్టించినా బయటికి లాగుతారు. మరి స్టీరింగు పట్టిన మనిషే గంజాయి తాగి ఉంటే? బ్రీత్ అనలైజర్‌లో ఊదిస్తారు, సున్నా వస్తుంది, పోనిమ్మంటారు. ఆ లారీ సుంకి ఘాట్ దిగుతుంది. ఆ యంత్రం పట్టేది మద్యాన్ని మాత్రమే. గంజాయి గానీ, నిద్రమాత్రలు, కోడీన్ దగ్గుమందు, ట్రమడాల్ నొప్పిమాత్రలు గానీ దానికి కనబడవు.

1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో రెండు నేరాలున్నాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి మద్యం ఉండటం ఒకటి. మత్తుమందు వల్ల బండి అదుపు చేయలేని స్థితిలో నడపడం రెండోది. శిక్ష రెండింటికీ ఒకటే: మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. భాంగ్ ఆకు మత్తుమందుల చట్టం కిందికి రాదు కదా అని కొందరు ధీమాగా ఉంటారు. తాగి నడిపితే 185 వర్తిస్తుంది. అయితే మద్యానికి అంకె ఉంది, మత్తుమందుకు లేదు. అక్కడ కేసు నిలిచేది పోలీసు తన కంటితో చూసి కాగితం మీద పెట్టిన వివరాల మీదే. మా వాళ్లకు నేర్పనిది అదే.

మత్తుమందు తీసుకున్న డ్రైవర్లను గుర్తుపట్టడానికి 1970లలో లాస్ ఏంజిలిస్ పోలీసులు మొదలుపెట్టిన పద్ధతి ఇప్పుడు 12 మెట్ల పరీక్షగా స్థిరపడింది. పూర్తి శిక్షణకు తొమ్మిది రోజుల తరగతులు, ఆపైన నిజంగా మత్తులో ఉన్నవారి మీద పర్యవేక్షణలో పరీక్షలు. జిల్లాకు ఇద్దరు ముగ్గురికి అది చాలు. గేటు దగ్గర నిలబడే ప్రతి సిబ్బందికీ మాత్రం 16 గంటల చిన్న శిక్షణ తప్పదు.

మొదట కళ్లు. పెన్నును ముఖానికి 30 నుంచి 38 సెంటీమీటర్ల దూరంలో, చూపు కంటే కాస్త ఎత్తులో పట్టి, తల కదపకుండా కళ్లతోనే చూడమని పక్కకు జరపాలి. మద్యం తాగినా, నిద్రమాత్రలు వేసుకున్నా కనుగుడ్డు నున్నగా జరగదు, చివరికంటా వెళ్లి ఆగినచోట సన్నగా అదురుతుంది. గంజాయికి ఈ అదురు రాదు. ఈ ఒక్క పరీక్షే నేర్పి పంపితే గంజాయి తాగినవాడిని మనమే దర్జాగా సాగనంపినట్టు. అతనికి వేరే గుర్తులు చూడాలి. పెన్నును ముక్కు దూలం దగ్గరికి తెస్తే రెండు కళ్లూ లోపలికి తిరగాలి. అతనికి తరచు ఒక కన్ను బయటికి జారిపోతుంది. కళ్లు మూయిస్తే రెప్పలు వణుకుతాయి. తర్వాత చీకటి గదిలో టార్చి వెలుగు పక్కనుంచి తెచ్చి కంట్లో సూటిగా 15 సెకన్లు ఉంచాలి. మామూలు కనుపాప 2 నుంచి 4.5 మిల్లీమీటర్ల మధ్యకు ముడుచుకుని ఉండిపోతుంది. గంజాయి మత్తులో అయితే, వెలుగు పడుతూ ఉండగానే మళ్లీ మెల్లగా విప్పారుతూ పోవచ్చు. నల్లమందు, కోడీన్ జాతి మందులకు చీకట్లో కూడా సూదిమొనలా ఉండిపోతుంది. కళ్లెర్రబడ్డాయి అని మాత్రం రాసి ఊరుకోకూడదు. రాత్రంతా బండి తోలిన ఎవరి కళ్లయినా ఎర్రగానే ఉంటాయి.

నాడి మూడుసార్లు చూడాలి. పోలీసు ఆపగానే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది, మొదటి లెక్క నమ్మడానికి లేదు.

ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ తొమ్మిది అడుగులు నడిచి, తిరిగి మళ్లీ తొమ్మిది నడిచే పరీక్షలోనే పొరపాట్లు ఎక్కువ. ఘాట్ వాలు మీద, కంకర మీద చేయించకూడదు, గేటు గదిలో సిమెంటు నేల కావాలి. జారే చెప్పులు విప్పించాలి. పోలీసు బండి మీద మిణుకుమనే నీలి లైటుకు వీపు పెట్టి నిలబెట్టాలి. అన్నిటికంటే మా ప్రాంతానికి పెద్ద చిక్కు భాష. చెప్పకముందే మొదలుపెట్టడం, అడుగుల లెక్క తప్పడం ఈ పరీక్షలో మత్తు గుర్తులు. ఎనిమిదింటిలో రెండు కనిపిస్తే అనుమానించాలి. ఒడియాలో చెప్పింది తెలుగు డ్రైవరుకు సగమే అర్థమైతే, చుక్క ముట్టనివాడికీ ఆ రెండూ పడతాయి. కువి, సవర లాంటి గిరిజన భాషలు మాట్లాడేవారి సంగతి చెప్పనక్కర్లేదు.

జబ్బును మత్తు అనుకునే ప్రమాదమూ ఉంది. ఒక కనుపాప పెద్దది, మరొకటి చిన్నది అయితే తలకు దెబ్బ తగిలి ఉండవచ్చు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చెమటలు పట్టి, మాట తడబడుతుంటే గ్లూకోమీటరుతో చూడాలి. షుగరు 70 కంటే తగ్గితే ముందు చక్కెర నీళ్లు, ఆ తర్వాతే ప్రశ్నలు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

ఇక రక్తం. 202వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన రెండు గంటల్లో డాక్టరు పరీక్ష కావాలి, లేకుంటే వదిలేయాలి. 204వ సెక్షనేమో ఊదితే మద్యం కనబడినప్పుడో, ఊదనన్నప్పుడో రక్తం అడగమంటుంది. ఊదితే సున్నా వచ్చినవాడి మాట అందులో లేదు. పార్లమెంటు సవరించాల్సిన లోటు ఇది. అప్పటిదాకా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 51వ సెక్షన్ కింద డాక్టరును రాతపూర్వకంగా కోరాలి, అనుమానానికి కారణాలన్నీ అందులో ఉండాలి. గంజాయి సారం రక్తంలో కొద్ది గంటల్లోనే బాగా తగ్గిపోతుంది. మూత్రంలో దాని ఆనవాలు రోజులు, అలవాటున్నవారికి వారాలు ఉంటుంది కాబట్టి మూత్రపరీక్షతో ఆ రాత్రి మత్తులో నడిపాడని తేలదు. రక్తం తీసేచోట స్పిరిటు రాయకూడదు, సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత సీసాలో పోసి, సీలు వేసి, చల్లగా ఉంచి పంపాలి.

మేం అడిగేది చిన్నదే. ప్రతి గేటు దగ్గర ఒక గ్లూకోమీటరు, కనుపాప కొలిచే మిల్లీమీటర్ల కార్డు, దగ్గరి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరు నంబరు, పరీక్షల సూచనలు ఒడియా, తెలుగు, కువి, సవరల్లో అచ్చువేసిన అట్ట. తెలుగు, సవర వచ్చిన కానిస్టేబుళ్లు గుణుపురం, రాయగడ స్టేషన్లలోనే ఉన్నారు. మొదటి జట్టు శిక్షణకు వాళ్లను పంపండి.

– ఒక వైద్యుడు, రవాణా శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు, రాయగడ జిల్లా (ఒడిశా)