స్పార్కిల్ బేస్‌లు క్రిస్మస్‌కి కావు: కారణం ఇదీ, ఇంట్లో మీరు చేసుకోగలిగింది ఇదీ

మన షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

విషయం ముందే చెప్పేస్తాను. స్పార్కిల్ ఫినిష్‌కి, అంటే బేస్ గిటారు మీద మెరుపు తునకలు పరిచి వేసే పెయింట్‌కి, కొత్త ఆర్డర్లు ఇక సంక్రాంతి తర్వాతే. ఇప్పటికే గిటారు బాడీలు ఇచ్చినవాళ్ల సంగతి చివర్లో రాశాను, కంగారు పడకండి. ఫ్రెట్ల పని, సెటప్, వైరింగ్, కీబోర్డు రిపేర్లు ఎప్పట్లాగే జరుగుతున్నాయి.

"వెయ్యి ఎక్కువ తీసుకో అన్నా, క్రిస్మస్‌లోపు ఇచ్చెయ్" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఇస్తే నాకూ లాభమే. మన ఒంగోల్లో బేస్ తెచ్చేవాళ్లలో ఎక్కువమంది చర్చి టీముల్లో వాయించే పిల్లలే. వాళ్లకు గిటారు తళతళలాడాల్సింది డిసెంబర్లోనే అని నాకు తెలియక కాదు. ఇబ్బందల్లా వానలతోనే. తెలంగాణ వైపు తగ్గే టైముకి మనకు ఊపందుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మధ్యలో ఒక అల్పపీడనం, అది ముదిరితే తుఫాను. కొత్తపట్నం సముద్రం పక్కనే. ఉతికిన బట్టలే ఆరని రోజుల్లో లక్కర్ ఆరమంటే ఎక్కడ ఆరుతుంది?

ఆలస్యం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు గొడవ వేరే ఉంది. రంగు మీద కొట్టే పారదర్శక లక్కర్‌ని క్లియర్ అంటాం. అందులో కలిపిన థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పెయింట్ పైపొర చల్లబడుతుంది. గాల్లో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి చెమ్మ పట్టి క్లియర్ తెల్లగా మసకబారుతుంది. దీన్ని ఆపడానికి నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్ కలుపుతారు. దానివల్ల మసక తగ్గుతుంది కానీ ఆరడం ఇంకా సాగుతుంది. ప్లెయిన్ రంగైతే రెండు రోజులు ఎండ కాసినప్పుడు కానిచ్చేయొచ్చు. స్పార్కిల్‌కి క్లియర్ కోట్లు రెట్టింపు పైనే పడతాయి, ప్రతి విడతా ఆరాక గీకి మళ్లీ కొట్టాలి. అన్ని పొడి రోజులు ఈ సీజన్లో వరుసగా దొరకవు.

"కార్లకు కొట్టే టూ-కే క్లియర్ కొట్టెయ్యొచ్చుగా" అనేవాళ్లకు: కొట్టొచ్చు, నేను కొట్టను. అందులో హార్డెనర్‌గా కలిపేది ఐసోసయనేట్. అది ఊపిరితిత్తులకు పడదు, ఉబ్బసం తెచ్చిపెట్టగలదు, బట్ట మాస్కూ పేపర్ మాస్కూ దాన్ని ఆపవు. బయటి నుంచి మంచి గాలి పైపులో వచ్చే మాస్కు, పెయింట్ బూత్ ఉన్నవాళ్లు చేయాల్సిన పని అది. నా షెడ్డు పక్క గోడ అవతల ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఇక దాని గురించి అడక్కండి.

ఇక రెండో ప్రశ్న, ఈ మధ్య ఎక్కువగా వస్తున్నది: "మేమే ఇంట్లో చేసుకుంటే అవుతుందా?" అవుతుంది. పనిలో ఎక్కువ భాగం ఇంట్లో అయ్యేదే. అందుకే రేటు రెండు రకాలుగా పెట్టాను. పూర్తిగా నా దగ్గరే అయితే బాడీకి 9,000. ప్రైమర్ దాకా మీరు సిద్ధం చేసి తెస్తే 5,500. ఈ తేడా మొత్తం గీకుడు కూలే. బేరం ఆడకండి, ఇంతకంటే తగ్గితే గీకే పేపర్ ఖర్చు కూడా రాదు.

సిద్ధం చేయడమంటే ఏంటో చెబుతాను. తీగలు ముందు వదులు చేసి తీయండి, బిగువుగా ఉన్నవాటిని కట్ చేయొద్దు, బేస్ తీగ ఎగిరి తగిలితే మామూలుగా ఉండదు. వైర్లు విప్పే ముందు ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకోండి. బ్రిడ్జి కిందకి ఒక ఎర్త్ వైరు పోతుంది, బ్రిడ్జి లాగేసినప్పుడు అది తెగితే బిగించాక గుయ్యిమని హమ్ వస్తుంది. ఆ కంప్లైంట్‌తో నా దగ్గరికి వచ్చే గిటార్లు తక్కువేం కాదు. నెక్ దిగే గాడికి మాస్కింగ్ టేపు వేసేయండి. అక్కడ పెయింట్ పేరుకుంటే నెక్ సరిగా కూర్చోదు.

పాత పెయింట్‌ని చెక్క కనపడేదాకా లేపాలని చాలామంది తంటాలు పడతారు. అవసరం లేదు. ఇప్పుడొచ్చే గిటార్లలో ఎక్కువ వాటికి మందపాటి పాలిస్టర్ కోటింగే, పెయింట్ రిమూవర్ దానిమీద పెద్దగా పనిచేయదు. హీట్ గన్ పెడితే లేస్తుంది, చేయి జారితే కింద చెక్క కూడా మాడుతుంది. గట్టిగా అంటుకుని ఉన్న పాత కోటింగ్‌ని మించిన సీలర్ ఇంకోటి లేదు. 320 నంబర్ వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా గీకండి, సొట్టలుంటే కార్ల పుట్టీతో నింపి మళ్లీ గీకండి. ట్యూబ్‌లైట్ కింద వాలుగా పెట్టి చూడండి. ఎక్కడ మెరిసే చుక్క మిగిలిందో అక్కడ కొత్త పెయింట్ పట్టదు.

ఒక మాట డ్రమ్స్ గురించి. "మా చర్చి డ్రమ్ కిట్‌కి ఉన్నట్టే కావాలి" అని ఫోటో చూపిస్తారు. డ్రమ్ముల మీద స్పార్కిల్ చాలావరకు పెయింట్ కాదు, అతికించిన షీటు. 1950ల్లో గ్రెట్ష్ కంపెనీ సిల్వర్ జెట్ గిటారు ముందు భాగానికి తన డ్రమ్ముల షీటునే వేసింది. అన్ని వైపులా ఒంపులున్న బేస్ బాడీకి షీటు ముడతల్లేకుండా కూర్చోదు. కాబట్టి మనకు దారి ఫ్లేకే: పల్చటి పాలిస్టర్ ఫిల్మ్ మీద అల్యూమినియం పూత, దానికి రంగు, దాన్ని సన్నగా తునకలు చేసింది. 0.1 మిల్లీమీటర్ నుంచి 0.4 దాకా సైజులు మామూలుగా వాడతాం. పెద్ద సైజు కొట్టాలంటే స్ప్రే గన్‌కి 1.8 నుంచి 2 మిల్లీమీటర్ల నాజిల్ కావాలి, కార్లకు వాడే 1.3 నాజిల్ మాటిమాటికీ మూసుకుపోతుంది.

ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది, మొత్తం వెండి మెరుపు జోలికి పోవద్దు. దానికి తునకలు ఖాళీ లేకుండా పరుచుకోవాలి, ఎక్కడ పల్చబడినా మచ్చలా కనిపిస్తుంది. మన గెలాక్సీ చేసుకోండి. కర్నూలు రోడ్డు పట్టుకుని పోతే చీమకుర్తి, అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయి దేశదేశాల్లో వంటింటి గట్లకీ హోటళ్ల నేలకీ పోతోంది. పేరుకి గ్రానైటే కానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. అందులో బంగారంలా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు. ఒంగోల్లో ఆ రాయి లేని మెట్లు వెతకాలి. మీ ఇంటి గట్టునే ఒకసారి దగ్గరగా చూడండి: చుక్కలు సమానంగా ఉండవు. ఒకచోట గుంపుగా, పక్కనే జానెడు ఖాళీ, పెద్దవాటి మధ్య కంటికి ఆనని చిన్నవి. తల కదిపితే ఒకటి ఆరి ఇంకోటి వెలుగుతుంది. నల్ల రంగు మీద బంగారు ఫ్లేక్ రెండు సైజులు కలిపి పల్చగా చల్లితే అచ్చం అదే వస్తుంది. అసమానంగా ఉండటమే దాని అందం కాబట్టి చేయి తిరగనివాళ్లకు కూడా కుదురుతుంది. ఇప్పటిదాకా నేను చేసిన రంగుల్లో నాకు బాగా నచ్చింది కూడా ఇదే, కస్టమర్లు అడగకపోయినా అంటగడుతుంటాను.

ఫ్లేక్ కొన్నాక ఒక పరీక్ష తప్పనిసరి. గాజు సీసాలో రెండు చిటికెలు వేసి, మీరు వాడబోయే థిన్నరే పోసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. స్టేషనరీ షాపుల్లో పిల్లల ప్రాజెక్టులకు అమ్మే గ్లిట్టర్ చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. ఈ ఏడాది నాకు ఆన్‌లైన్లో వచ్చిన ఒక బంగారు ప్యాకెట్ మీద పాలిస్టర్ అనే రాసుంది. పొద్దున చూస్తే థిన్నరేమో టీ రంగు, అడుగున వెండి తునకలు, కొన్ని చుట్టచుట్టుకుపోయి ఉన్నాయి. అమ్మినవాళ్లు వాపసు తీసుకోలేదు. అదే బాడీ మీద పడి ఉంటే రంగంతా క్లియర్‌లోకి దిగేది. పరీక్ష నిలిచిన ఫ్లేక్ నా దగ్గర చిన్న ప్యాకెట్లలో ఉంది, కావాలంటే తీసుకోండి, ఇంకెక్కడైనా కొన్నా సీసాలో వేసి చూడండి.

పెయింట్ డబ్బాలు కొనేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే జాతివి కొనండి. కింద సింథటిక్ ఎనామిల్ వేసి పైన లక్కర్ కొడితే ముడతలు లేస్తుంది. నలుపు ఆరాక, నెక్ గాడి స్క్రూ రంధ్రాలకు ఒక కర్ర బిగించి పిడిలా పట్టుకోండి. క్లియర్ తడిగా ఒక కోటు కొట్టి, వెంటనే టీ వడపోతతో జానెడు ఎత్తు నుంచి చల్లండి. అంచులకు పిడి తిప్పి అంచు పైకి వచ్చేలా పట్టుకుని విడిగా చల్లాలి. తక్కువైందనిపించినప్పుడే ఆపండి. తర్వాత కలపొచ్చు, తీయలేం.

ఆరాక చేయి పెడితే ఉప్పుకాగితంలా గరుకుగా ఉంటుంది. అది చూసి పేపర్ అందుకున్నారా, పని చెడినట్టే. తునక నెత్తిన ఉన్న రంగు లేచిపోయి కింద అల్యూమినియం బయటపడుతుంది, బంగారు చుక్క వెండి చుక్క అవుతుంది. ముందు క్లియర్‌తో పాతిపెట్టాలి. మొదటి రెండు కోట్లు పైపైన, తర్వాత తడిగా, వేలికి గరుకు తగలనంత వరకు. అప్పుడు 600 నంబర్, నీళ్లలో చుక్క సబ్బు వేసుకుని. గీకేటప్పుడు చూడాల్సింది బాడీని కాదు, కారే నీళ్లని. నీళ్లు తెల్లగా వస్తున్నంతసేపూ క్లియరే పోతోంది. అందులో ఒక్క మెరుపు కనిపించినా అక్కడితో ఆపి, మళ్లీ క్లియర్ కొట్టండి. ఆ నీళ్లను కాలువలో పోయకుండా పాత గుడ్డలో వడకట్టి చెత్తలో వేయండి, ఎంతైనా అది ప్లాస్టిక్ పొడి.

చివరి కోటు అయ్యాక తొందర పడొద్దు. లక్కర్ పైన ఆరినట్టున్నా లోపల వారాల తరబడి కుంగుతూనే ఉంటుంది. ముక్కు ఆనించి చూడండి, థిన్నర్ వాసన ఇంకా వస్తుంటే పాలిష్‌కి టైము కాలేదు. వాసన పోయాక 1000, 1500, 2000, ఆపైన కాంపౌండ్. బిగించేటప్పుడు స్క్రూ రంధ్రాల మూతిని కౌంటర్‌సింక్ బిట్‌తో చేత్తోనే కొంచెం వెడల్పు చేయండి. లేదంటే స్క్రూ దిగేటప్పుడు క్లియర్ పటక్కున పగులుతుంది. టేపు తీసే ముందు దాని అంచు వెంట బ్లేడుతో గీత పెట్టండి.

స్ప్రే మాత్రం ఇంటి లోపల వద్దే వద్దు. థిన్నర్ ఆవిరి నేలబారున పాకుతుంది, పూజగదిలో దీపానికీ వంటింట్లో స్టవ్వుకీ అందుకుంటుంది. డాబా మీద, పొద్దున మంచు ఇంకాక, గాలి లేని టైము చూసుకోండి. సాయంత్రం లైటేసి కొడితే దీపం పురుగులన్నీ వచ్చి క్లియర్‌లోనే కాపురం పెడతాయి. ఇంట్లో ఆడవాళ్లకు ముందే చెప్పుకోండి, ఫ్లేక్ ఒకసారి ఎగిరిందంటే అన్నంలో కూడా కనిపిస్తుంది.

ఇంకో సంగతి, వ్యాపారానికి నష్టమైనా చెప్పాలి. స్పార్కిల్ వేస్తే బేస్ సౌండ్ మారదు. మీ బడ్జెట్ పరిమితమైతే ఆ డబ్బులు కొత్త తీగలకు, మంచి సెటప్‌కి పెట్టండి, ఆదివారం నాటికే తేడా వినిపిస్తుంది. పాత కాలపు మంచి కంపెనీ గిటారు ఒరిజినల్ పెయింట్‌తో ఉంటే అసలు ముట్టుకోవద్దు, రంగు మారిస్తే అమ్మకం విలువ పడిపోతుంది. అలాంటివి తెచ్చినవాళ్లను వెనక్కి పంపాను, ఇకముందూ పంపుతాను.

ఇప్పుడు నా దగ్గరున్న బాడీల సంగతి. క్లియర్ పూర్తయినవి వేలాడుతున్నాయి, వాసన పోగానే ఫోన్ చేస్తాను. వాటిలో కొన్ని క్రిస్మస్‌కి అందొచ్చు, మాట మాత్రం ఇవ్వను. ఫ్లేక్ పడి క్లియర్ సగంలో ఉన్నవీ, ఇంకా నలుపు మీదే ఉన్నవీ జనవరిలోనే. ఆగలేం అనుకునేవాళ్లు అడ్వాన్సు వెనక్కి తీసుకోవచ్చు, బాడీ ఉన్న స్థితిలో ఇచ్చేస్తాను, నేను మొహం మాడ్చుకోను.

క్రిస్మస్ ఆరాధనలకు బేస్ లేక ఆగిపోయేవాళ్లకు షాపులో ఉన్న రెండు బేస్‌లు ఊరికే ఇస్తాను. ఒకటి నాలుగు తీగలది, ఒకటి అయిదు తీగలది. నా దగ్గర బాడీ ఉన్నవాళ్లకే ఇది, ముందు అడిగినవాళ్లకు ముందు. కవరు మీరు తెచ్చుకోండి, జనవరి మొదటి వారంలో తిరిగి ఇచ్చేయండి.