శేఖర్‌కి: విండోస్ 11 వేసుకోవాలా, వద్దా

తెనాలి
2026 జనవరి 20

ఒరేయ్ శేఖర్,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? సంక్రాంతికి వస్తానన్నవాడివి రాలేదు. మీ చెల్లెలు నీ కోసమని అరిసెలు డబ్బాలో పక్కన పెట్టింది. ఖమ్మం వైపు వచ్చేవాళ్ళు ఎవరైనా దొరికితే ఇచ్చి పంపిస్తాను.

మొన్న విండోస్ 11 సంగతి ఎత్తితే ఫోన్‌లో "పనిచేస్తున్నదాన్ని కెలక్కురా" అన్నావు చూడు, ఆ మాట నన్ను వదలడం లేదు. అప్పుడు కౌంటర్ దగ్గర మనుషులున్నారు, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో అయితే చెప్పాలనుకున్నది సగం మర్చిపోతాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇప్పుడు తీరికే కదా, మూఢం వల్ల పెళ్ళి పత్రికల పని లేదు. మళ్ళీ ఫాల్గుణంలో మొదలైతే ఊపిరి తీసుకోవడానికి ఉండదు. ఏం చేసినా ఈ నాలుగు వారాల్లోనే చెయ్యాలి.

నా దగ్గరున్న రెండు సిస్టమ్స్ సంగతి నీకు తెలుసు. పాతది 2014లో అసెంబుల్ చేయించినది, నాలుగో జనరేషన్ ఐ5. పత్రికలు అమర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, తెలుగు కోసం అను ఫాంట్లు, మన పత్రికలన్నీ దాంట్లోనే. రెండోది 2021లో ఆన్‌లైన్ పనుల కోసం కొన్నాను, పదో జనరేషన్ ఐ3. రెండింటిలోనూ విండోస్ 10. దానికి పోయిన అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఆపేసిందంటే మర్నాటి నుంచి కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. నడుస్తూనే ఉంటుంది. కాకపోతే దాని భద్రతలో ఎక్కడైనా కొత్తగా కన్నం బయటపడితే పూడ్చేవాళ్ళుండరు. రెండోదానికి మాత్రం రోజూ పొద్దున్నే "విండోస్ 11కి మారండి" అని స్క్రీన్ నిండా వస్తోంది. నేను రోజూ "తర్వాత" అని నొక్కి పనిలో పడుతున్నాను.

నాకు భయం ఎందుకో నీకంటే బాగా తెలిసినవాడు లేడు. 2018లో పాతదాన్ని 7 నుంచి 10కి మార్చమని ఒకతన్ని పిలిచాను గుర్తుందా? డెస్క్‌టాప్ మీద ఏముందో అడక్కుండానే అతను సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టేశాడు. 2009 నుంచి 2013 దాకా చేసిన పత్రికలన్నీ ఆ డెస్క్‌టాప్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. ఆ రాత్రి నీకు ఫోన్ చేసి ఎంత బాధపడ్డానో నీకు తెలుసు. అవి డబ్బుకి కొనుక్కునేవి కాదు. అందుకే నువ్వు కెలక్కు అన్నప్పుడు సగం మనసు "నిజమే" అంది.

పోయిన నెల జరిగింది చెప్తాను విను. పొద్దున్న ఏడింటికి షట్టర్ ఎత్తేసరికి దుగ్గిరాల వైపు నుంచి ఒకాయన వచ్చి నిలబడి ఉన్నాడు. వాళ్ళ నాన్నగారు పోయారు, దశదినకర్మ పత్రిక కావాలి. "2016లో మా అమ్మ పత్రిక మీరే చేశారు. అందులో రాసినట్టే రాయండి, నాన్న ఆ పత్రిక దాచుకున్నాడు" అన్నాడు. పాత సిస్టమ్ ఇంకా ఆన్ చెయ్యలేదు. ఆయన్ని నిలబెట్టడం ఎందుకని బ్యాకప్ డిస్క్ రెండోదానికి పెట్టి అక్కడే ఫైల్ తెరిచాను. దాంట్లో పేజ్‌మేకర్ ఉంది కానీ ఫాంట్లు వెయ్యలేదు. ముందు, లేని ఫాంటుకి బదులు ఏది వాడాలో అడిగే పానోస్ ఫాంట్ మ్యాచింగ్ అనే ఆ డబ్బా వచ్చింది. ఓకే కొట్టగానే పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, గీతలు. ఫొటో చుట్టూ బోర్డర్ ఉంది, కింద తేదీ ఉంది, మధ్యలో ఒక్క తెలుగు ముక్క లేదు. ఆయన నా భుజం మీదుగా చూస్తూ "అమ్మ పేరేదండీ?" అన్నాడు.

గుండె జారిపోయింది రా. అది ఫాంట్ లేకపోవడమేనని నాకు తెలుసు, ఆయనకు తెలియదు కదా. పాతది ఆన్ చేసి, అది లేచేవరకు ఆయన్ని కూర్చోబెట్టి, అక్కడ తెరిస్తే అన్నీ వచ్చాయి. ఆయన వేలు చాచి స్క్రీన్ మీద వాళ్ళమ్మ పేరు దగ్గర పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు. నేను ఏమీ అనలేదు.

ఆ రాత్రి పెద్దోడికి కూర్చోబెట్టి చెప్పాను. మనం కొట్టిన ఫైల్లో నిజానికి తెలుగు లేదు, ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల నంబర్లే, ఆ నంబర్ల దగ్గర తెలుగు బొమ్మలు పెట్టింది ఫాంటు, ఫాంటు పోతే తెలుగు పోయినట్టే అని. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరున్న యూనికోడ్‌లోనే వాడు పుట్టి పెరిగాడు, వాడికిది వింత. "మరి ఇన్నాళ్ళు ఎందుకు మార్చలేదు నాన్నా?" అన్నాడు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది, దానికి యూనికోడ్ రాదు. మన చేతులేమో యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికకి అలవాటు పడిపోయాయి. విజయవాడలో మనిద్దరం గవర్నర్‌పేట మెట్ల కింద గదిలో నేర్చుకున్న వేళ్ళ నడక ఇప్పుడు కళ్ళు మూసుకున్నా వస్తుంది.

ఇక అసలు విషయం. నువ్వన్నది పాత సిస్టమ్ విషయంలో నూటికి నూరు పాళ్ళు నిజం. దాన్ని కెలకను. కానీ అదే మాట రెండోదానికి వర్తించదురా. ఆ సిస్టమ్‌లో ఏముందో ఒకసారి ఆలోచించు. రోజుకి పాతికమంది పెన్‌డ్రైవ్‌లు పెడతారు. వాట్సాప్‌లో వచ్చిన ఫైళ్ళన్నీ దాంట్లోనే తెరుస్తాం. పిల్లల ఈఏపీసెట్ దరఖాస్తులు, మార్కుల మెమోలు, ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు అన్నీ అక్కడే స్కాన్ అవుతాయి. ముసలివాళ్ళు ఫోన్ నా చేతికిచ్చి "ఓటీపీ నువ్వే చూడు నాయనా" అంటారు. నన్ను నమ్మి ఇచ్చిన కాగితాలవి. వాటిని పూడ్చని కన్నాలున్న సిస్టమ్‌లో ఉంచడం తప్పు. ఈ ఒక్క మాట దగ్గర నీతో ఎంత సేపైనా వాదిస్తాను.

2017 మేలో వానాక్రై అని ఒక వైరస్ వచ్చింది, గుర్తుందా? ఫైళ్ళన్నీ తాళం వేసేసి డబ్బు అడిగేది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకు కూడా తగిలింది. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు. మనలాగా "తర్వాత" నొక్కినవాళ్ళే ఇరుక్కున్నారు. ఆరోజు నేను ఇరుక్కోలేదంటే అదృష్టం తప్ప నేను చేసిందేమీ లేదు.

కాబట్టి ఇలా అనుకున్నాను. బయటివాళ్ళ కాగితాలున్న సిస్టమ్ 11కి మారుతుంది. మన పాత మాటలున్న సిస్టమ్ 10లోనే ఉంటుంది, కానీ దానికి నెట్ ఉండదు.

పాతది ఎలాగూ 11కి అర్హత ఉన్నది కాదులే. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలట, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి పైవే ఒప్పుకుంటారు. పెద్దోడు ఆ తనిఖీ తప్పించి ఎక్కించే దారులున్నాయన్నాడు. వద్దన్నాను. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే మారుతూ, అవి వస్తాయో రావో తెలియని చోటికి వెళ్ళడం దేనికి? 10కే అప్‌డేట్లకు ఇంకో ఏడాది పొడిగింపు ఉంది, ఈ అక్టోబర్ 13 వరకు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. పాతదానికి అది తీసుకుని, పెండింగ్ అప్‌డేట్లన్నీ ఎక్కించి, ఆ తర్వాత కేబుల్ పీకేస్తాను. అత్యవసరంగా మళ్ళీ నెట్ పెట్టాల్సి వస్తే ఆ నెలల్లో కాస్త అండ ఉంటుంది. దానికి ఒకే ఒక్క పెన్‌డ్రైవ్, ఎర్రదారం కట్టి పెట్టాను. బయటివాళ్ళది ఏదీ దానికి తగలకూడదు.

రెండోదాని సంగతి అనుకున్నంత సులువుగా లేదు. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్‌దే చిన్న ప్రోగ్రాం ఉంది, అది నడిపితే "పనికిరాదు" అంది. నిన్న మధ్యాహ్నమంతా దాని మీదే కూర్చున్నాం. చూస్తే చిప్ లేక కాదు, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ. ఆన్ చేశాం. తర్వాత సెక్యూర్ బూట్ లేదంది, ఆన్ అయ్యేటప్పుడు దొంగ ప్రోగ్రాములు దూరకుండా చూసే ఏర్పాటు అది. తవ్వితే, అసెంబుల్ చేసినప్పుడు డిస్క్ విభజనని పాత ఎంబీఆర్ పద్ధతిలో పెట్టారు. దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి, ఆపైన బయోస్‌ని యూఈఎఫ్ఐ అనే కొత్త తీరుకి తిప్పాలి. మార్చే సాధనం విండోస్ 10లోనే ఉంది, ఎంబీఆర్2జీపీటీ అని. డేటా పోదంటారు. అయినా నాకు 2018 గుర్తొచ్చి చెయ్యి ఆడలేదు. అక్కడితో ఆపేసి, కొత్తగా ఒక టీబీ హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చాను.

రాత్రి రెండు సిస్టమ్స్‌లో ఉన్నదంతా దాంట్లోకి కాపీ పెట్టాను. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, వాట్సాప్ ఫోల్డర్, విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్, ప్రింటర్ డ్రైవర్లు, అన్నీ. పొద్దున్న లేచి, కాపీ అయిన వాటిలో ఏడాదికొకటి చొప్పున ఫైళ్ళు తెరిచి చూశాను. కాపీ చేశాం కదా అని వదిలెయ్యకుండా తెరిచి చూడాలిరా, అప్పుడే మనసు కుదుటపడుతుంది. 2015 నాటి ఒక ఓణీల ఫంక్షన్ కార్డు తెరిస్తే, ఆ అమ్మాయి పెళ్ళి పత్రిక కూడా పోయిన వైశాఖంలో నేనే చేశానని గుర్తొచ్చింది.

మార్చేది ఆదివారం. నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లోంచే వెనక్కి 10కి వెళ్ళొచ్చు. ఆ పది రోజులూ గట్టిగా వాడి చూస్తాను: ఏ3 ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్, పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ ప్రోగ్రాం. నాకు అన్నింటికంటే అనుమానం ప్రింటర్ మీదే, దాని కంపెనీవాళ్ళ సైట్‌లో 11కి డ్రైవర్ ఉందని మాత్రం చూసి పెట్టుకున్నాను. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చిందని, మెనూలు మారాయని అందరూ అంటున్నారు కానీ, అది వారం అలవాటు, అంతే. ఎడమకి జరుపుకోవచ్చు కూడా.

ఇంకో పని కూడా మొదలుపెట్టాను. కర్మ పత్రికల మాటలు, పెళ్ళి పత్రికల శ్లోకాలు, మళ్ళీ మళ్ళీ వాడేవి, యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి కానీ వత్తుల దగ్గర, క్రావడుల దగ్గర తడబడుతున్నాయి. ప్రతి అక్షరం చదివి దిద్దాల్సిందే. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితమే, శుభలేఖకి రామభద్ర నిండుగా ఉంటోంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోవడం మర్చిపోకు, లేకపోతే వత్తులు అక్షరం కింద పడకుండా పక్కన పడతాయి. రోజుకి రెండు మూడు ఫైళ్ళు అవుతున్నాయి. నెమ్మదే, కానీ వాటిని ఇక ఏ సిస్టమ్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే ఉంటుంది.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తాను, కోప్పడకు. నీ పాత సిస్టమ్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. దానికి అప్‌డేట్లు ఆగింది 2020 జనవరిలోనే, అంటే ఆరేళ్ళయింది. అయినా దాంట్లోనే మెయిల్ చూస్తున్నావు, బ్యాంకు పని కూడా దాంట్లోనే అన్నావు. అది వింటే నాకు నిద్ర పట్టలేదు. దాన్ని మార్చమని అనను, దాంట్లో నీ పాతికేళ్ళ పని ఉంది. ఈ ఉత్తరం చదవగానే నెట్ కేబుల్ మాత్రం పీకెయ్యి. బ్యాంకు పని ఫోన్లో చేసుకో. తర్వాత ఒక హార్డ్ డిస్క్ కొని మొత్తం కాపీ పెట్టు, ఫాంట్స్ ఫోల్డర్ మర్చిపోకుండా. మీ ఊళ్ళో నమ్మకంగా చేసేవాళ్ళు లేకపోతే నేనే ఒక ఆదివారం వస్తాను, అరిసెలు కూడా చేత్తోనే తెస్తాను.

కాపీ పెట్టేటప్పుడు ఒకటి చూడరా. 2009 నుంచి 2013 మధ్య పెద్ద సైజు పనులకి నీకు ఫైళ్ళు మెయిల్ చేసేవాణ్ణి, నువ్వు అక్కడ ఆఫ్‌సెట్‌లో వేయించి బస్సుకి పంపేవాడివి. నువ్వు డి డ్రైవ్‌లో నా పేరుతో ఒక ఫోల్డర్ పెట్టినట్టు గుర్తు. అది ఇంకా ఉందేమో చూడు. ఉంటే తెరవకు, పేరు మార్చకు, ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి ఉంచు. అందులో మా నాన్న పెద్దకర్మ పత్రిక ఉండాలి. నా దగ్గర లేదు.

నీ
వెంకట్