ఫ్రీజర్ రూం డ్రెయిన్ పైపు గడ్డకట్టడానికి కారణం చలికాలం కాదు, బిగింపు లోపం: సరిచేయాలని ఫిర్యాదు

పూసపాటిరేగ మండలం,
విజయనగరం జిల్లా.

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

నమస్కారం.

మీ కంపెనీ మాకు బిగించిన మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్ రూంలో యూనిట్ కూలర్ (లోపల చల్లగాలి వదిలే యంత్రం) కింది డ్రెయిన్ పైపు పదేపదే గడ్డకడుతోంది. డీఫ్రాస్ట్ (కూలర్ మీది మంచును వేడితో కరిగించడం) అయిన ప్రతిసారీ నీళ్లు పోయే దారి లేక ట్రే నిండి పొంగుతోంది. ఆ నీళ్లు రొయ్యల పెట్టెల మీద, నేల మీద కారి అక్కడే మంచుగడ్డలవుతున్నాయి. మీ సర్వీసు రిపోర్టులో మాత్రం కారణం ‘చలికాలం’ అని రాసి, వారంటీ వర్తించదన్నారు. ఆ కారణం తప్పు.

మా తీరంలో జనవరి రాత్రి కూడా నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండదు. మన్యంలో లంబసింగి దగ్గర సున్నా దరిదాపులకు దిగితేనే అది పేపర్లో వార్త అవుతుంది. గోడ బయట ఉన్న పైపు ముక్క ఒక్కసారీ గడ్డకట్టలేదు. గడ్డకట్టేదల్లా రూం లోపలి నాలుగు మీటర్లే. ఆ నాలుగు మీటర్లకు మే నెలైనా జనవరైనా ఒకటే చలి. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం, అసలు భయం వానాకాలానిదే. సముద్రపు గాలిలో తేమ పెరిగే కొద్దీ, తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి వచ్చే తేమ కూలర్‌లోని చల్లని గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. డీఫ్రాస్టులో దిగే నీళ్లు అప్పుడు ఇంకా ఎక్కువ. ఇప్పుడే నీళ్లు పోని పైపు అప్పుడేం పోతుంది?

రిపోర్టుతో పాటు పైపులు గడ్డకట్టకుండా జాగ్రత్తలంటూ ఒక కాగితం ఇచ్చారు. కుళాయి సన్నగా కారుతూ ఉంచమని, రాత్రిపూట లైను ఖాళీ చేయమని అందులో ఉంది. అవి హిమాచల్, కశ్మీర్‌లలో ఇళ్లకు పనికొచ్చే మంచి సలహాలు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. మంచుబిరడాకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటికి ఒత్తిడి పెరిగి పైపు పగులుతుంది, కుళాయి కారుతుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. మాది రెండో కొసన తెరిచి ఉన్న డ్రెయిన్ పైపు. దీనికి కుళాయీ లేదు, ఒత్తిడీ లేదు. ఇది పగలదు, పూడుకుపోతుంది.

ఎందుకు పూడుకుపోతోందో మీ ఇంజనీరును పంపితే అక్కడే చూపిస్తాం. అన్నిటికన్నా పెద్ద తప్పు డ్రెయిన్ హీటర్ (పైపును వేడిగా ఉంచే కరెంటు తీగ) వైరింగు. హీటర్ తీగను డీఫ్రాస్ట్ హీటర్ల సర్క్యూట్‌కే కలిపారు. అంటే రోజుకు నాలుగు విడతలు, డీఫ్రాస్ట్ నడిచే 20-30 నిమిషాలు మాత్రమే దానికి కరెంటు అందుతుంది. మిగతా గంటలన్నీ పైపు మైనస్ 20లోనే ఉంటుంది. డీఫ్రాస్ట్ మొదలయ్యాక పైపు ఇంకా వేడెక్కక ముందే తొలి నీళ్లు దిగి పైపు లోపలి గోడకు అంటుకుంటాయి. చివర దిగే చుక్కలు హీటర్ ఆగిపోయాక మధ్యలోనే నిలిచిపోతాయి. ఒక్కో విడతకు ఒక్కో పొర చేరి పైపు మూసుకుపోతుంది. ఈ హీటర్ 24 గంటలూ నడుస్తూనే ఉండాలి. మైనస్ 18, 20 డిగ్రీల రూంకు అడుగుకు 20 వాట్లు, అంటే మీటరుకు సుమారు 65 వాట్లు కావాలి. నాలుగు మీటర్లకు 260 వాట్లు. తీగలో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు పెడితే 1.1 యాంపియర్ చూపాలి. డీఫ్రాస్ట్ లేని సమయంలో మా మీటరు సున్నా చూపుతోంది. రోజుకు 6 యూనిట్ల పైచిలుకు ఖర్చవుతుందని మీవాళ్లు అన్నారు. ఆ ఖర్చు మాకు సమ్మతమే. తడిసి అంటుకుపోయిన పెట్టెల నష్టం ముందు అదెంత?

రెండోది, యూ ట్రాప్‌ను (గాలి రాకుండా నీరు నిలిపే యూ ఆకారపు వంపును) ట్రే కిందనే, రూం లోపల పెట్టారు. ట్రాప్ ఉన్నదే నీరు నిలవడానికి, మైనస్ 20లో నిలిచిన నీరు గడ్డే. అది గోడ బయట, వెచ్చని చోట ఉండాలి. బయట ట్రాప్ లేకపోవడంతో రూం చల్లబడేటప్పుడు బయటి తేమగాలిని పైపు గుండా లోపలికి పీల్చుకుంటుంది. ఆ తేమ కూడా పైపు గోడలకే పడుతోంది.

పైపు యూపీవీసీది, అంటే గట్టి ప్లాస్టిక్‌ది. ఆ చలికి పెళుసుబారుతుంది, పైగా నిరంతరం వేడిచ్చే హీటర్ చుడితే మెత్తబడే ప్రమాదముంది. కాబట్టి రాగి పైపు వేయాలి. వాలు కనీసం అడుగుకు పావు అంగుళం ఉండాలి, వీలైతే ఇంకా ఎక్కువ. ఇప్పుడున్నది దాదాపు మట్టంగా ఉంది, అందులో రెండు మోచేతి వంపులు.

డీఫ్రాస్ట్ టైమర్ కూడా చూడండి. డీఫ్రాస్ట్ అయ్యాక నీళ్లు కారిపోవడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వాలి. ఆ తర్వాత కాయిల్ మళ్లీ చల్లబడి, మిగిలిన తడి దానికే అంటుకున్నాకే ఫ్యాన్లు తిరగాలి. ఇప్పుడు వెంటనే తిరిగి నీళ్లను పెట్టెల మీదికి చిమ్ముతున్నాయి.

మీ మెకానిక్ గడ్డ తీసిన పద్ధతి మీద మాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. ఇనుపరాడ్డుతో పైపును కొట్టి ఒక జాయింటు పగలగొట్టారు. తర్వాత బ్లో టార్చ్ తీశారు, మేం ఆపేశాం. రూం గోడల్లోని పఫ్ ప్యానెల్ (ఫోమ్ నింపిన పలక) అంటుకుంటే వచ్చే పొగ ప్రాణాంతకం. ఉప్పు చల్లమని కూడా సలహా ఇచ్చారు, అది కాయిల్ అల్యూమినియం రెక్కలను తినేస్తుంది. చేయాల్సింది ఇది: ఫ్యాన్లు ఆపి చేతితో డీఫ్రాస్ట్ పెట్టాలి. గడ్డను బయటి కొస నుంచి పైకి కరిగిస్తూ రావాలి, అప్పుడే కరిగిన నీటికి దారి ఉంటుంది. దారి తెరుచుకున్నాక ట్రేలో గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి, మరిగే నీళ్లు కాదు. తుపానుకు గంటల తరబడి కరెంటు పోయి వచ్చినప్పుడూ ముందు చూడాల్సింది ఈ పైపునే. 2018 అక్టోబరు తిత్లీ తుపాను చూసిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది మీ సర్వీసు పుస్తకంలో ఉండాల్సిన సంగతి.

మేం కోరేవి: రాగి పైపు, బయట ట్రాప్, ప్రత్యేక ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆగిపోయే స్విచ్) మీద నిరంతరం నడిచే హీటర్, అది పనిచేస్తోందని చూపే లైటు, పైపు చుట్టూ చలి తగలకుండా 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు తొడుగు, గోడ రంధ్రానికి గట్టి సీలు. ఇవన్నీ మీ ఖర్చుతోనే. వసూలు చేసిన సర్వీసు ఛార్జీ తిరిగివ్వాలి. రిపోర్టులో ‘చలికాలం’ కొట్టేసి ‘బిగింపు లోపం’ అని రాసి సంతకం చేయాలి. వారంటీని పని పూర్తయిన తేదీ నుంచి లెక్కించాలి.

ఈ రూం మా కుటుంబం స్వయం ఉపాధికి పెట్టుకున్నది. వాణిజ్య అవసరం అంటూ పక్కకు తప్పించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కుదరదు. ఉత్తరం అందిన 15 రోజుల్లో పని మొదలుకాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

పని చేసే రోజు సరుకును వేరే చోటికి మార్చాలి, మైనస్ 18 కన్నా వేడి తగలకూడదు. కాబట్టి మనుషులను పంపే ముందు కనీసం రెండు రోజులు గడువిచ్చి తెలియజేయండి.

ఇట్లు,
ఫ్రీజర్ రూం నిర్వాహకులు