కొసరు అడిగొచ్చాన్రా

డాలస్
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి తప్పించుకుంటున్నానని తిట్టావుగా, ఇదిగో తీరిగ్గా రాస్తున్నా. మూడు నెలలుగా పేషెంట్ల కన్నా ఒక ఇన్సూరెన్స్ కంపెనీతోనే ఎక్కువ కాపురం చేశాను. పేరు అడక్కు.

ఇక్కడ మనం బిల్లు ఎంతేసినా వాళ్ళిచ్చేది కాంట్రాక్టులో రాసుకున్న రేటే. మాది మెడికేర్ (ముసలివాళ్ళకి ఇక్కడి సర్కారు నడిపే ఇన్సూరెన్స్) ఇచ్చే రేటులో 105 శాతం. అయిదు ఎక్కువే కదా అని ఇన్నేళ్ళూ కాలు మీద కాలేసుకు కూర్చున్నా. క్లినిక్ లెక్కలు చూసేది మా ఆవిడే. ఓ రోజు బిల్లులు ముందేసుకుని, "ఏవండీ, 99214కి వీళ్ళ కన్నా మెడికేరే ఎక్కువిస్తోంది, చూశారా?" అంది. షుగరూ బీపీ కలిసున్న పేషెంటొస్తే వేసే కోడ్ అది. నా రోజులో సగం అదే!

కాంట్రాక్టు దుమ్ము దులిపి చదివితే చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంది: '2020 మెడికేర్ ఫీజు పట్టిక ప్రకారం'. 2021లో మెడికేర్ ఆఫీసు విజిట్ల విలువ పెంచింది. ఆ కోడ్ 110 డాలర్ల నుంచి 131కి ఎక్కింది. తర్వాత కాస్త దిగి, 2025లో 125 దగ్గరుంది. నేను మాత్రం 116 దగ్గరే ఆగిపోయాను. శాతం చూసి మురిసిపోయాను గానీ, ఏ ఏటి రేటు మీద శాతమో చూసుకోలేదు.

మెయిల్ పెడితే 'ప్రస్తుతం పెంపులు లేవు' అని రెండు లైన్లు. 2022 జులై నుంచి కంపెనీలు ఎవరికెంత ఇస్తున్నాయో బయట పెట్టాలని రూలుంది. వాళ్ళు పెట్టిన ఆ రేట్ల ఫైలు తెరవబోతే నా లాప్‌టాప్ పడకేసింది. మా బావమరిది జల్లెడ పట్టి చుట్టుపక్కల క్లినిక్కుల రేట్లు తీశాడు. రెండు మైళ్ళ అవతల ఓ పెద్ద హాస్పిటల్ క్లినిక్కుకి అదే కోడ్‌కి మా కన్నా ఎంతో ఎక్కువ. కడుపు రగిలిపోయింది. చిన్న డాక్టర్లందరం కలిసి అడుగుదామంటే లాయరు నోరు నొక్కాడు. విడివిడి ప్రాక్టీసులు కూడబలుక్కుని రేటు అడిగితే పోటీకి అడ్డుపడ్డారని యాంటీట్రస్ట్ కేసట.

ఒంటరిగానే వెళ్ళా. ఖర్చులు పెరిగాయన్నంతసేపూ కంపెనీ తరఫున కూర్చున్నావిడ ఊఁ కొట్టింది. మా షుగరు పేషెంట్లలో ఎందరికి ఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) అదుపులో ఉందో, కొత్తవాళ్ళకి ఎన్ని రోజుల్లో అపాయింట్‌మెంట్ ఇస్తున్నామో రాసిన కాగితం ముందు పెట్టాక పెన్ను తీసింది. 90 రోజుల నోటీసిచ్చి కాంట్రాక్టులోంచి బయటికెళ్ళే హక్కు నాకుందని మెల్లగా గుర్తుచేశా. చేతులు బల్ల కింద దాచుకున్నాన్రా, వణుకుతున్నాయని. నా పేషెంట్లలో పావు వంతు వాళ్ళ కార్డే మరి.

చివరికి 2025 పట్టిక మీద 102 శాతం. శాతం తగ్గింది, డబ్బు పెరిగింది! మా అమ్మ పట్నంబజారులో కొసరు పడందే సంచీ మూసేది కాదు, గుర్తుందా? నేనూ లేవబోతూ ఫ్లూ టీకా వేసే చార్జీ కొద్దిగా పెంచమన్నా. పెంచింది.

మీ ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ ధర ఎంతో సర్కారే నిర్ణయిస్తుంది కాబట్టి నీకీ గొడవ లేదు, బాకీలు రావడమే గొడవ అంటావు. ఎంతదాకా వచ్చాయో రాయి. మా ఆవిడ ఇంకో మూడు కాంట్రాక్టులు నా దిండు పక్కన పెట్టి పడుకుంది.

నీ
హాస్టల్ పార్ట్‌నర్