మిద్దెకు ఎన్ని ఎంఎం షీటు వేయించుకోవాలి? మా పద్ధతి మార్చుకున్నాం

కర్నూలులో మా దగ్గర మిద్దె పని చేయించుకున్నవాళ్లకు, ఈ ఎండాకాలం లోపల చేయించాలని ఫోన్లు చేస్తున్నవాళ్లకు ఒక మాట. ఇకనుంచి ఇళ్లకు మేము చెప్పేది 50 ఎంఎం ఎక్స్‌పీఎస్ షీటే (ఎండ వేడి కిందికి దిగకుండా స్లాబు మీద పరిచే గట్టి నురుగు షీటు), 75, 100 వేయించుకోమని మా అంతట మేము చెప్పం.

పోయిన ఏడాది నంద్యాల చెక్‌పోస్ట్ వైపు ఒక ఇంటికి, మందం పెరిగేకొద్దీ చల్లదనం కూడా అంతే పెరుగుతుందని మేమే చెప్పి 75 వేయించాం. మే నెలలో ఆ అన్న ఫోన్ చేసి, "రాత్రి పదకొండైనా గదిలో సెగ తగ్గడం లేదు, మా తమ్ముడు 50 వేయించుకున్నాడు, వాళ్లిల్లే నయంగా ఉంది" అన్నాడు. పోయి ఒక మూల పగలగొట్టి చూస్తే, ఎగుడుదిగుడు స్లాబును సమం చేయకుండానే షీట్లు పరిచేశారు మావాళ్లు, షీటుకూ షీటుకూ మధ్య వేలు దూరేంత సందులు, వాటి నిండా పైన పోసిన కాంక్రీటు. పిట్టగోడ వెంబడి అడుగు వెడల్పున అసలు షీటే లేదు. ఎండకు కాగిన కాంక్రీటు ఆ సందుల్లోంచి నేరుగా స్లాబును తాకుతుంటే మిగతాచోట ఎంత మందం ఉండి ఏం లాభం? తప్పు మాది, మా ఖర్చుతోనే మళ్లీ వేశాం.

ఇక మందం లెక్క. ఐదంగుళాల ఉత్త స్లాబులోంచి వంద పాళ్లు వేడి దిగుతుందనుకుంటే, 25 ఎంఎం షీటు సరిగ్గా వేస్తే సుమారు 30 పాళ్లు, 50కి 17, 75కి 12, 100కి 9 దిగుతుంది. మొదటి అంగుళమే డెబ్భై పాళ్లు ఆపేస్తుంది, మూడో అంగుళం ఆపేది ఐదు పాళ్లే. ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ విలువ (వేడి ఎంత సులువుగా దిగుతుందో చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచిది) 1.2 దాటకూడదు, ఆ లెక్కకు 25 కూడా సరిపోతుంది. మరి 50 ఎందుకంటే కూలీ, వాటర్‌ప్రూఫింగ్, పైన కాంక్రీటు ఖర్చు రెండింటికీ ఒకటే, పెరిగేది షీటు ధర ఒక్కటే. పైగా 25వి రెండు వరసలు, అతుకు మీద అతుకు పడకుండా పరిస్తే కింది సందులు పై షీటుతో మూసుకుపోతాయి. మేము ఇకమీదట వేసేది అలాగే. పగలంతా ఏసీ నడిచే క్లినిక్కులు, ఆఫీసులైతే 75 గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

చవుడు పోసిన పాత మట్టిమిద్దె అడుగు మందం ఉండేది కదా, షీటు రెండంగుళాలు చాలుతుందా అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. వేడిని ఆపడంలో అంగుళం లోపు షీటు ఆ అడుగు మట్టితో సమానం, కాకపోతే మట్టికి బరువుంది కాబట్టి మధ్యాహ్నపు వేడిని పొద్దుగూకేదాకా తనలోనే పట్టి ఉంచేది. షీటుకు ఆ గుణం లేదు. అందుకే ఏసీ లేనివాళ్లు షీటు వేయించుకున్నా రాత్రిపూట కిటికీలు తెరవాల్సిందే, పడమటి గోడ కాగితే ఆ వేడికి మా దగ్గర మందు లేదు. కింది పోర్షన్‌కు కూడా దీనివల్ల తేడా ఏమీ ఉండదు.

స్లాబు కారుతుంటే ముందు అది ఆపాలి, ఆ తర్వాతే షీటు. కారే మిద్దె మీద షీటు పరచమంటే ఎంత బతిమాలినా పరచం.

పోయిన రెండేళ్లలో మా దగ్గర వేయించుకున్నవాళ్లు సాయంత్రం ఏడింటప్పుడు స్టూలెక్కి సీలింగ్ మధ్యలో ఒకసారి, పిట్టగోడ కిందికొచ్చే అంచున ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. అంచు బాగా వేడిగా తగిలితే ఫోన్ చేయండి, వచ్చి తెరిచి చూస్తాం, మా పనిలో లోపముంటే రూపాయి తీసుకోం.